పులి, మేక, చింతగింజలు: మన ఊళ్ళ చరిత్రలో రాయని పేజీ

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకునే అనంతపురం వైపు వాళ్ళకి ఇవి ముందు రైల్వే స్టేషన్లు, ఆ తర్వాతే ఊళ్ళు. శుక్రవారం రాత్రి రైల్లో కిటికీ లోంచి బయటికి చూసి "ఇంకా పెనుకొండేనా" అనుకుని మళ్ళీ పడుకోవడమే వాటితో మనకున్న సంబంధం. (2022 ఏప్రిల్ నుంచి ఈ మూడూ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. నోటికి మాత్రం ఇంకా అనంతపురం జిల్లా అనే వస్తుంది లేండి, ఏం చేస్తాం!)

ఈ ఊళ్ళ చరిత్ర ఏమిటని ఎవరినైనా అడగండి. పెనుకొండ అంటే విజయనగర రాజుల రెండో రాజధాని. హిందూపురం అంటే గుత్తి మురారిరావు కుటుంబంలోని హిందూరావు పేరు మీద వెలసిన ఊరు, పక్కనే లేపాక్షి. ధర్మవరం అంటే పట్టుచీరలు. మూడు వాక్యాల్లో అయిపోయింది. ఇంకొంచెం చదువుకున్న వాళ్ళయితే రాజుల పేర్లు, యుద్ధాల సంవత్సరాలు చెప్తారు. ఇదంతా నిజమే, కాదనను. కానీ ఒక ప్రశ్న మాత్రం మిగిలిపోతుంది. యుద్ధం లేని రోజున, పండగ కూడా లేని మామూలు సాయంత్రం పూట, ఈ ఊళ్ళలో జనం ఏం చేసేవాళ్ళు? పిల్లలతో ఏం ఆడేవాళ్ళు? స్నేహితులు నలుగురు కూర్చుంటే ఏం చేసి నవ్వుకునేవాళ్ళు?

మనిషి బతుకులో యుద్ధాల కంటే అలాంటి సాయంత్రాలే ఎక్కువ కదా. మరి చరిత్రలో వాటికి చోటెందుకు లేదు?

చోటు లేకపోలేదు. మనం వెతికే చోట లేదు, అంతే. శాసనాల్లో వెతుకుతాం, అక్కడ దొరకదు. శాసనం చెక్కించాలంటే దానమో గెలుపో ఉండాలి. సాయంత్రం పూట పిల్లాడితో ఆడుకున్నానని ఏ రాజూ శాసనం వేయించడు. అయితే రాతి మీదే ఇంకో రకం గీతలున్నాయి. వాటిని చూడాలంటే తల పైకెత్తకూడదు, కిందికి చూడాలి.

1565 నుంచి మొదలుపెడదాం

1565 జనవరిలో తళ్ళికోట యుద్ధం (రక్కసి తంగడి అని కూడా అంటారు). రామరాయలు చనిపోయాడు. తమ్ముడు తిరుమల రాయలు ఖజానా తీసుకుని హంపీ వదిలి పెనుకొండ చేరాడు. తర్వాత రెండేళ్ళకి, 1567లో, సీజర్ ఫ్రెడరిక్ అనే వెనిస్ వర్తకుడు విజయనగరం వచ్చి కొన్ని నెలలున్నాడు. రాజు, ఆయన పరివారం ఎనిమిది రోజుల ప్రయాణం దూరంలో ఉన్న పెనుకొండ కోటకి వెళ్ళిపోయారని రాసిపెట్టాడు. ఇవాళ కారులో హంపీ నుంచి పెనుకొండకి ఒక పూట చాలు. అప్పుడు ఎనిమిది రోజులు.

ఆ ఎనిమిది రోజుల ప్రయాణాన్ని ఒకసారి ఊహించుకోండి. ఖజానా ఏనుగుల మీద పోయిందని పుస్తకాలు చెప్తాయి. దాని వెనక నడిచి వెళ్ళిన వాళ్ళ సంగతేంటి? రాజుగారి పరివారమంటే రాజూ రాణులే కాదు. కాపలా వాళ్ళు, వంటవాళ్ళు, బోయీలు, గుర్రాల వాళ్ళు, వాళ్ళ పెళ్ళాం పిల్లలు. వాళ్ళు వెంట ఏం తీసుకెళ్ళగలరు? మోయగలిగినంత. ఇల్లు మోయలేరు, పొలం మోయలేరు. బరువు లేనివి మాత్రం ఎన్నయినా మోయొచ్చు. భాష, వంట, పాట, ఆట.

ఆట అన్నది ఊరికే అనడం లేదు. హంపీ వెళ్ళినవాళ్ళు విరూపాక్ష గోపురం చూసి, విఠలాలయంలో రాతి రథం ముందు ఫోటో దిగి వచ్చేస్తారు. అక్కడ మండపాల నేల మీద, మెట్ల మీద, అరుగుల మీద, బయట బండల మీద ఆటల పటాలు చెక్కి ఉంటాయి. పులిజూదం పటాలు, దాడి పటాలు, గడుల పటాలు, వామనగుంటల్లాంటి గుంటల వరసలు. ఈ పటాలన్నిటినీ ఆర్. వసంత అనే చరిత్రకారిణి తిరిగి తిరిగి నమోదు చేసి 2003లో ఒక అంతర్జాతీయ పత్రికలో పెద్ద వ్యాసం వేశారు. నాకు నచ్చిన విషయం ఏంటంటే, పెనుకొండ కోట మీద పుస్తకం రాసింది కూడా ఆవిడే. కోటగోడల లెక్క చూసిన మనిషే నేల మీద పిల్లల గీతల లెక్కా చూశారు. చరిత్ర అంటే ఇలా ఉండాలని నాకనిపిస్తుంది.

ఎవరు చెక్కారు అవి? శిల్పులు కాదు. శిల్పి గీసిన గీతకి కొలతా నున్నదనం ఉంటాయి. ఇవి వంకర టింకరగా, ఏదో ఇనప ముక్కతో గీకినట్టు ఉంటాయి. కాపలా కాసేవాడికి పొద్దు గడవాలి. ఉత్సవానికి వచ్చిన యాత్రికుడు పల్లకీ వచ్చేదాకా కూర్చోవాలి. గొర్రెలు కాసే పిల్లాడికి ఎండ తగ్గేదాకా నీడ కావాలి. ఇలాంటి వాళ్ళ పనే అది. ఇంకో మాట కూడా చెప్పాలి. గీత మీద తేదీ ఉండదు. ఒక పటం పదహారో శతాబ్దంలో గీసింది కావొచ్చు, పక్కది రాజ్యం పోయాక శిథిలాల్లో మేకలు మేపుకున్న కుర్రాడు గీసింది కావొచ్చు. అందుకే "రాయలవారి కాలపు ఆట" అని గైడ్లు ఢంకా బజాయించి చెప్పేదాన్ని నేను పూర్తిగా నమ్మను. కాకపోతే తేదీ తెలియకపోతే వచ్చిన నష్టం కూడా పెద్దగా లేదు. రాజ్యం ఉన్నప్పుడూ ఆడారు, పోయాకా ఆడారు. దాని సారాంశం అదే కదా!

పులిజూదం లాజిక్కు

మన ఫీల్డు వాళ్ళకి ఈ ఆట నచ్చాలి. త్రికోణం లాంటి పటం. పైన ఒక కొన, అక్కడి నుంచి కిందికి దిగే గీతలు, వాటిని అడ్డంగా కోసే గీతలు. మామూలుగా ఆడే పటంలో మొత్తం 23 కూడళ్ళు. ఒకరికి 3 పులులు, ఇంకొకరికి 15 మేకలు. (ఊరిని బట్టి లెక్క మారుతుంది. ఆ గొడవ మీద పిల్లలు ఎంతసేపైనా కొట్టుకుంటారు, అదీ ఆటలో భాగమే.) పులి ఎదురుగా ఉన్న మేక మీంచి దూకి అవతల ఖాళీలో పడితే మేకని తిన్నట్టు. మేకలు దూకలేవు, తినలేవు. పులులు కదలకుండా చుట్టూ నిలబడి దారి మూసేయడమే వాటి బలం. కన్నడం వాళ్ళు ఆడు హులి ఆట అంటారు, తమిళులు ఆడు పులి ఆట్టం అంటారు. నేపాల్లో ఉన్న బాఘ్ చాల్ దీనికి దాయాది, అక్కడ 25 కూడళ్ళు, 4 పులులు, 20 మేకలు.

చదరంగంలో ఇద్దరికీ ఒకే బలగం. ఇందులో అలా కాదు. ఒకరికి బలం, ఇంకొకరికి సంఖ్య. రూల్సు కూడా ఇద్దరికీ వేరే. ఆరేళ్ళ పిల్లకి పులులిచ్చి మీరు మేకలు తీసుకోండి. రెండాటల్లో తనకి అర్థమైపోతుంది, పులికి పొగరెక్కితే చిక్కుతుందని. తర్వాత మేకలిస్తే ఇంకోటి అర్థమవుతుంది, ఒంటరి మేక చచ్చినట్టేనని. ఒక్క నీతివాక్యం కూడా చెప్పకుండా పిల్లలకి ఇంత నేర్పే వస్తువు ఇంకోటి నాకు తెలీదు.

నేపాలీ ఆటని కంప్యూటర్ తో తేల్చారు కూడా. 2000లలో లిమ్ యూ జిన్, యూర్గ్ నీవెర్‌గెల్ట్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్తలు దీని మీద పనిచేశారు. ఇద్దరూ తప్పు లేకుండా ఆడితే ఆట డ్రా అవుతుందని తేలింది. అంటే కొన్ని వందల ఏళ్ళ పాటు, ఏ డిజైన్ రివ్యూలూ లేకుండా, ఊళ్ళ వాళ్ళు ఆడి ఆడి రూల్సు సరిచేసుకుంటూ పులికీ మేకకీ సమానంగా తూచి పెట్టారన్నమాట. ఇంతకంటే పెద్ద టెస్టింగు టీం ఏ ప్రాజెక్టుకి ఉంది చెప్పండి?

ఇది మన ఒక్కరి కథే అనుకోకండి. ఇంగ్లండులో కేంటర్‌బరీ, సాలిస్‌బరీ, వెస్ట్‌మిన్‌స్టర్ లాంటి పెద్ద చర్చిల్లో రాతి బల్లల మీద మన దాడి ఆట (నవకంకరి) పటాలు గీకి ఉన్నాయి. ఒకదాంట్లో ఒకటి మూడు చదరాలు, మూడు కాయలు వరస కుదిరితే ఎదుటివాడి కాయ ఒకటి తీసేయడం, అదే ఆట. హంపీ కాపలావాడూ, ఆ చర్చిలో కూర్చున్నవాడూ ఒకరి పేరు ఒకరు విని ఉండరు. ఇద్దరూ దేవుడి సన్నిధిలోనే రాయి మీద అవే మూడు చదరాలు గీశారు. పక్కన ఇంకో మనిషి ఉండి, కాస్త తీరిక దొరికితే చాలు, మనిషి చేసే మొదటి పని ఇదే కాబోలు.

లేపాక్షిలో దేవుళ్ళు కూడా

హిందూపురం నుంచి లేపాక్షి 15 కిలోమీటర్లు. అచ్యుతరాయల కాలంలో (1529-1542) విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు కట్టించిన వీరభద్రాలయం. వెళ్ళినవాళ్ళందరూ చేసే పని ఒకటే. వేలాడే స్తంభం కింద కండువా జొనిపి లాగడం, పెద్ద నంది ముందు ఫోటో, ఆ తర్వాత విరూపణ్ణ ఖజానా సొమ్ము వాడాడన్న నింద పడి తన కళ్ళు తానే పీకి గోడకేసి కొట్టాడని గైడు చెప్పే కథ, ఆ ఎర్రటి మరకలు. ఆ కథ పిల్లలకి భయమేస్తుంది, పెద్దలకి బావుంటుంది.

నాకు లేపాక్షిలో ఇష్టమైనవి వేరే. మండపం కప్పు మీది బొమ్మల్లో శివుడూ పార్వతీ పాచికలాడుతూ కూర్చున్న బొమ్మ ఒకటి. లోకాలేలే దేవుడు పెళ్ళాంతో జూదానికి కూర్చున్నాడు! పురాణాల్లో ఆ కథలు బోలెడు, ఓడిపోయేది ఎక్కువగా ఆయనే. ఇంకోటి వటపత్రశాయి బొమ్మ. ప్రళయం వచ్చి లోకమంతా మునిగిపోయాక మిగిలిన దేవుడు ఏం చేస్తున్నాడయ్యా అంటే, మర్రాకు మీద పడుకుని కాలి బొటనవేలు నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నాడు. నాలుగైదు నెలల పిల్లలున్న ఇంట్లో రోజూ కనపడే దృశ్యం అది. ఆ చిత్రకారుడు దాన్ని తీసుకెళ్ళి ప్రళయం మధ్యలో పెట్టిన కథని కప్పు మీద వేశాడు. ఇంట్లో పిల్లల్ని చూడకుండా ఆ బొమ్మ వేయడం కుదరదని నా అభిప్రాయం.

మూడోది నేల మీదుంది. ఆవరణలో రాతి నేల మీద కంచాల్లాగా చెక్కిన గుండ్రాలు, పక్కన కూర గిన్నెల్లాంటి చిన్న గుంటలు. గుడి కట్టిన శిల్పులు అందులో అన్నం తినేవాళ్ళని స్థానికంగా చెప్తారు, రంగులు కలుపుకోవడానికి అనేవాళ్ళూ ఉన్నారు. అన్నం కథనే జనం ఎక్కువగా నమ్ముతారు, దానికి కారణముంది. గుడి కట్టించినవాడి కథ ఉంది, చెక్కించిన రాజు పేరుంది. చెక్కినవాళ్ళ గురించి మాత్రం ఏమీ లేదు. కనీసం మధ్యాహ్నం అందరూ వరసగా కూర్చుని, ఒకరి కంచంలోది ఇంకొకరు తీసుకుంటూ, మేస్త్రీ మీద జోకులేసుకుంటూ తిన్నారని నమ్మడానికి ఆ కంచాలు పనికొస్తాయి. మన ఆఫీసు క్యాంటీను బల్లకి తాత అన్నమాట.

రాజుగారికీ స్నేహితుడు కావాలి

రాజులకి ఇవేవీ అక్కర్లేదా అంటే, అదీ కాదు. కృష్ణదేవరాయల గురించి పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాసింది మీలో చాలామంది చదివే ఉంటారు. రాయలు తెల్లారకముందే లేచి నువ్వుల నూనె తాగి, ఒళ్ళంతా పట్టించి, సాము చేసి, కుస్తీ పట్టి, గుర్రమెక్కి తిరిగి వచ్చేవాడట. ఇది రాజు దినచర్య. బొడ్డుచర్ల తిమ్మన అనే కవితో ఆయన చదరంగం ఆడేవాడని, తిమ్మన గెలిచి కొప్పోలు గ్రామం కానుకగా పొందాడని ఒక చాటువు మిగిలింది. చాటువుని శాసనంలా నమ్మక్కర్లేదు. కానీ జనం నాలుగైదు వందల ఏళ్ళు ఏం గుర్తు పెట్టుకున్నారో చూడండి. రాయల దండయాత్రల వరస చెప్పమంటే మనలో నూటికి తొంభై మందికి రాదు. రాయలు ఫలానా వాడి చేతిలో ఆటలో ఓడిపోయాడంటే మాత్రం వెంటనే చెవి అటు పెడతాం. ఓడించినా తల తీయని స్నేహితుడు ఒకడుండటం రాజుకి కూడా అదృష్టమే.

చింతగింజల ఊరు

హిందూపురం అంటే వ్యాపారం వాళ్ళకి బెల్లం, మిరప, ముఖ్యంగా చింతపండు. చింతపండు మార్కెట్ ఉన్న చోట చింతగింజలు ఉంటాయి కదా. కాయ కొట్టి, పెంకు తీసి, ఈనెలు లాగి, గింజ తీసే పని చాలాచోట్ల ఆడవాళ్ళది. నలుగురు ఒకచోట కూర్చుని చేసే పని. కూలి తక్కువ, చేతులు పులుపుకి పగులుతాయి, కబుర్లు మాత్రం ఫ్రీ. ఆ గింజల్లో కొన్ని పిల్లల జేబుల్లోకి పోతాయి. అక్కడి నుంచి వామనగుంటల్లోకి.

వామనగుంటలు తెలియనివాళ్ళ కోసం. రెండు వరసలు, వరసకి ఏడు గుంటలు, మొత్తం 14. గుంటకి ఐదు చొప్పున వేస్తే 70 గింజలు. ఒక గుంటలోవి తీసి ఒక్కొక్కటీ పంచుకుంటూ పోవడం, చేతిలోవి అయిపోతే పక్క గుంటలోవి తీసి మళ్ళీ పంచడం, ఖాళీ గుంట తగిలితే దాన్ని తుడిచి దాని అవతలి గుంటలోవి మీ సొంతం. చెక్కపీట ఉంటే సరే, లేకపోతే మట్టిలో గుంటలు తవ్వుకుంటే చాలు. ఇదే కుటుంబానికి చెందిన ఆటలు ఆఫ్రికా అంతటా ఉన్నాయి, మంకాలా అని పిలుస్తారు. ఈ ఆటలో మజా ఏంటంటే ఎత్తు వేసే ముందు ఎక్కడ ఆగుతుందో లెక్క కట్టాలి. బడి మొహం చూడని అవ్వలు ఒక్క చూపుతో ఏ గుంట ఎత్తితే ఎక్కడ పడుతుందో చెప్పేస్తారు. మనమైతే దానికి ఒక ఫర్ లూప్ రాసి డీబగ్ చేసుకుంటాం :)

మనవరాలు ఓడిపోయి "నువ్వు మోసం చేసినావ్ అవ్వా" అంటుంది. "ఏమ్మే, ముందర లెక్క నేర్చుకోపో" అంటుంది అవ్వ. ఈ రెండు మాటలు ఎన్ని వేలసార్లు, ఎన్ని వసారాల్లో వినపడి ఉంటాయో! ఏ గెజిటీర్లోనూ ఎక్కలేదు.

గెజిటీర్ల వాళ్ళకి రాసుకోవడానికి వేరే ఉంది మరి. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో అనంతపురం ఒకటి. 1876-78లో వచ్చిన ధాత కరువుకి ఈ సీమలో ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. అప్పుడు అనంతపురం జిల్లా కూడా లేదు, బళ్ళారి జిల్లాలో భాగం, 1882లో విడిపోయింది. కరువులో ఆకలితో ఉన్న పిల్లలు ఆడుకున్నారని నేను కథ చెప్పను. ఆకలేస్తే పిల్లలు ఆడరు, ఒక మూల ముడుచుకుని పడుకుంటారు. చిన్న చిన్న సంతోషాలుంటే చాలు, నీళ్ళు లేకపోయినా ఫర్వాలేదు అనేవాళ్ళతో నాకు పేచీ ఉంది. ఒకదానికి ఒకటి బదులు కాదు. కరువు పోయి వాన పడ్డాక మళ్ళీ గుంటలు తవ్వుకుని కూర్చున్నారు చూడండి, నేను చెప్పేది ఆ కూర్చోవడం గురించి. మిగతావన్నీ పోయినా అది పోలేదు.

ధర్మవరం: మగ్గం పక్కన

ధర్మవరం కథ ఇంకొంచెం చిక్కు. చేనేత ఇంట్లో పని వేరు, ఇల్లు వేరు కాదు. గుంట మగ్గం ఉన్న గదిలోనే వంట, నిద్ర, చదువు. తండ్రి మగ్గంలో, తల్లి కండెలు చుడుతూ, పిల్లలు అటూ ఇటూ. పిల్లలు తల్లిదండ్రుల పక్కన రోజంతా ఉండటం అనేది మనకి వర్క్ ఫ్రం హోంలో 2020లో కొత్తగా తెలిసింది. వాళ్ళకి తరతరాలుగా అదే. వినడానికి బావుంటుంది. కానీ ఆ పిల్లలే సాయం చేతులు కూడా. దారం అందించే చేతికి ఆటలాడే తీరిక తక్కువ. పట్టు పరిశ్రమలో పిల్లల చేత పనిచేయించడం పెద్ద సమస్యగా ఉండింది, 1986లో బాలకార్మిక చట్టం వచ్చింది. అప్పుల్లో మునిగి ప్రాణం తీసుకున్న ధర్మవరం నేతన్నల వార్తలు కూడా మనం పేపర్లో చదివినవే. పిల్లల నవ్వు గురించి మాట్లాడేటప్పుడు ఆ నవ్వుకి టైం ఎవరికి దొరికిందో, ఎవరికి దొరకలేదో కూడా చెప్పుకోవాలి.

ఇదే ఊరి పేరు ఇంటిపేరుగా ఉన్న మనిషి కథ మాత్రం స్నేహితుల కథ. ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912). ఆంధ్ర నాటక పితామహుడని బిరుదు. వృత్తికి బళ్ళారిలో ప్లీడరు. పగలు కోర్టు, సాయంత్రం నాటకాలు. సరసవినోదినీ సభ అని పెట్టి, ఉద్యోగాలు చేసుకునే సాటి మిత్రులతో కలిసి నాటకాలాడారు. సభ పేరే చూడండి, సరస వినోదం! ఆ పేరులో భాషోద్ధరణ లేదు, కళాసేవ లేదు. డబ్బు కోసం కాదు, సరదా కోసం. ఆ సరదా లోంచి చిత్రనళీయం లాంటి నాటకాలొచ్చాయి, రంగస్థలం మీద తెలుగులో పద్యాలు రాగాలతో పాడే పద్ధతి బలపడింది. ఆయన మేనల్లుడే తర్వాత దేశమంతా పేరు తెచ్చుకున్న బళ్ళారి రాఘవ (1880-1946). ఆఫీసు అయ్యాక నలుగురు స్నేహితులు కలిస్తే ఏమొస్తుంది అని అడిగేవాళ్ళకి ఈ కథ చెప్పొచ్చు. ఎప్పుడూ ఏదో ఒకటి రావాలని లేదు. ఒక్కోసారి మాత్రం ఒక భాషకి నాటకరంగం వస్తుంది.

పెనుకొండ పిల్లాడు

పిల్లల దగ్గరికి మళ్ళీ వద్దాం. 1914లో అనంతపురం దగ్గర చియ్యేడులో పుట్టిన ఒక పిల్లాడు పెనుకొండలో పెరిగాడు. కూలిన కోటగోడలు, గగనమహలు, కొండ, ఇవే అతని ఆటస్థలం. శిథిలాల్లో ఆడుకునే పిల్లలు దేశంలో లక్షలమంది ఉంటారు. ఈ పిల్లాడు చూసిందంతా పద్యాలుగా రాశాడు. పేరు పెనుగొండలక్ష్మి. ఇంకా సరిగ్గా మీసాలు రాని వయసు. తర్వాత విద్వాన్ పరీక్షకి కూర్చుంటే అదే పుస్తకం అక్కడ పాఠ్యగ్రంథంగా ఉంది! తన పుస్తకం తానే చదివి పరీక్ష రాయాల్సి వచ్చిన ఆ విద్యార్థి పుట్టపర్తి నారాయణాచార్యులు (1914-1990). (మనం రాసిన కోడుని మనకే ఇచ్చి వివరించమన్నట్టు. అందులో పాసవడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు.)

ఈ కథలో నన్ను పట్టుకునేది ఆయన పాండిత్యం కాదు. అంత పాండిత్యం మనకి రాదు. రాళ్ళ మధ్య తిరిగే టైం ఆ పిల్లాడికి ఉంది, "ఎండలో ఎందుకు తిరుగుతావురా" అని ఎవరైనా తిట్టినా తిరిగాడు. పెద్దలకి పాడుపడ్డ కోట, పిల్లాడికి ఆటస్థలం. ఒకే స్థలం, రెండు చరిత్రలు. పెద్దల చరిత్ర 1565లో ఆగిపోయి ఏడుస్తూ ఉంటే, పిల్లల చరిత్ర అక్కడే దాగుడుమూతలు ఆడుతోంది.

ఇప్పుడు మన వంతు

ఇదంతా ఎందుకు చెప్తున్నాను? "ఆ రోజులే వేరు, ఇప్పటి పిల్లలకి ఫోన్లు తప్ప ఏమీ తెలీదు" అని ముగించడానికి కాదు. ఆ పాట నాకు విసుగు. పచ్చీసుని ఇంగ్లండు వాళ్ళు తీసుకెళ్ళి 1896లో లూడోగా పేటెంటు చేసుకున్నారు. అది అట్టముక్క మీద మన ఇళ్ళకి తిరిగొచ్చింది. తర్వాత ఫోన్లోకి వచ్చింది, 2020 లాక్‌డౌన్ లో అక్కడే ఆడుకున్నారు. అప్పుడు హిందూపురంలో ఉన్న తాతా, డల్లాస్ లో ఉన్న మనవడూ ఒకే ఆటలో కూర్చున్న ఇళ్ళు ఎన్నో. రాయి, చెక్క, అట్ట, గాజుతెర. పలక ఏదైతే ఏంటి, అవతల మనిషి ఉన్నాడు కదా.

నాకు కనిపించే ప్రమాదం ఇంకో చోట ఉంది. పులిజూదానికీ వామనగుంటలకీ రూల్ బుక్ లేదు. ఇన్ని వందల ఏళ్ళూ ఒక మనిషి ఇంకో మనిషి ఎదురుగా కూర్చుని నేర్పడం వల్లే వచ్చాయి. రాతి మీద పటం ఉంటుంది, ఆడే పద్ధతి ఉండదు. హంపీలో ఉన్న కొన్ని పటాలు ఏ ఆటవో చూడగానే చెప్పడం కష్టం, ఎందుకంటే నేర్పే గొలుసు మధ్యలో ఎక్కడో తెగింది. డాక్యుమెంటేషన్ లేని సిస్టం లాంటిది. తెలిసిన చివరి మనిషి ప్రాజెక్టు వదిలిపోతే ఇక అంతే. గొలుసు తెగడానికి పెద్ద యుద్ధం అక్కర్లేదు. ఒక తరం "తర్వాత నేర్పుదాంలే" అనుకుంటే చాలు.

ఆ ఒక్క తరం బహుశా మనమే. రూల్సు తెలిసిన అవ్వ ధర్మవరంలో, మనం బెల్లందూరులో, పిల్లలు ట్యూషన్లో. 1565లో ఎనిమిది రోజులు నడిచి పోయినవాళ్ళు మోసుకెళ్ళగలిగినదాన్ని, మూడు గంటల్లో రైలు దిగే మనం మోయలేకపోతే సిగ్గుచేటు కాదూ? యునెస్కో గుర్తింపులూ, హెరిటేజ్ ప్రాజెక్టులూ వస్తే రానివ్వండి, మంచిదే. కానీ అవి పటాన్ని కాపాడతాయి. ఆటని కాపాడేది ఎదురుగా కూర్చునే మనిషి ఒక్కడే. పిల్లలు అడిగేది కూడా ఆ మనిషినే. ఖరీదైన బొమ్మ కొనిచ్చి మనం మీటింగులోకి పోతే, వాళ్ళు బొమ్మ వదిలేసి తలుపు కొడతారు చూడండి, అందుకే.

ఖర్చు లెక్క చెప్తాను. సుద్దముక్క ఒకటి. చింతగింజలు 15, మేకలకి. రాళ్ళు మూడు, పులులకి. పటం రాకపోతే ఇంటికి ఫోన్ చేసి అమ్మనో అవ్వనో అడగండి. పులిజూదం ఎట్లా ఆడేవాళ్ళని అడిగితే వాళ్ళు ఆట ఒక్కటే చెప్పి ఊరుకోరు. ఎవరితో ఆడేవాళ్ళో, ఏ అరుగు మీదో, ఎవరు తొండి చేసేవాళ్ళో కూడా చెప్తారు. మీ ఊరి చరిత్రలో రాయని పేజీ అదే. ఈసారి లేపాక్షికో పెనుకొండకో పోతే పిల్లల చేతికి ఆ పని అప్పజెప్పండి: గోపురాలు మేము చూస్తాం, నేల మీద గీతలు మీరు వెతకండి అని. వాళ్ళ కళ్ళు నేలకి దగ్గరగా ఉంటాయి, మనకంటే ముందే కనిపెడతారు.

ఆ తర్వాత పక్కనే ఎక్కడైనా నీడ చూసుకుని, సుద్దముక్కతో మీ పటం మీరు గీసుకోండి. (గుడి రాళ్ళ మీద మాత్రం వద్దు బాబూ, పురావస్తు శాఖ వాళ్ళు ఊరుకోరు!) పులులు పిల్లలకివ్వండి, మేకలు మీరు తీసుకోండి.